కారం తగ్గిన ఊరిబిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ప్రార్థన చేసినా, తాత ‘ఆమెన్’ అనేదాకా కళ్లు తెరవకూడదు, లేవకూడదు. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో చిన్న క్రైస్తవ సంఘానికి ఆయన ఉపదేశి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయన, అవ్వ.

ఒక ఏడు వేసవి సెలవులంతా మదనపల్లెలో పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. అక్కడ రెండు పూటలా తెల్లన్నం, ఆదివారమైతే కోడికూర. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం అవ్వ నా పళ్లెంలో రాగి సంకటి, చెనిగ్గింజలతో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది.

“మళ్లీ సంకటేనా? పిన్నమ్మోళ్లింట్లో దినామూ అన్నమే,” అని పళ్లెం నెట్టేశాను.

అవ్వ తన పళ్లెం మీద మూత పెట్టి పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. నేను తినకపోతే ఆమె తినదు. ఆ సంగతి తెలిసే నెట్టాను.

తాత కోప్పడలేదు. యూదులు తిన్న తర్వాత కూడా దేవునికి కృతజ్ఞత చెబుతారని, కడుపు నిండాక స్తుతించమని మోషే ధర్మశాస్త్రంలోనే ఉందని, ఒలీవ పండంత తిన్నా ఆ ప్రార్థన మానకూడదని వాళ్ల పెద్దలు నేర్పారని నిదానంగా చెప్పాడు.

“మనం ఒలీవ పండు యాడ సూసినాం? ఉసిరికాయంత అనుకో,” అంటూ అంత ముద్ద తుంచి, ఊరిబిండి అద్ది నా చేతిలో పెట్టాడు. “ఇది తిని ప్రార్థన చెయ్యి పాపా. ఇంకేం తినొద్దులే.”

మింగేసి కళ్లు మూసుకున్నాను. “పిన్నమ్మోళ్లింట్లో కోడికూరకు స్తోత్రం.”

ఆమెన్ రాలేదు.

“పోయిన ఆదివారం తిన్నదానికి ఇప్పుడేంటికమ్మా? కడుపులో ఉండేదానికి సెప్పు.”

“సంకటికి స్తోత్రం.”

“అది సంకటని దేవునికి తెలీదా? దాంట్లో నీకు బాగుండేది ఏముండాదో సెప్పు. లేకుంటే లేదను. ఆమెన్ అంటా, లేసి పో.”

లేదనడం చాలా తేలిక. కానీ అవ్వ వింటోంది. కళ్లు మూసుకుని వెతికితే నాలుక మీద ఇంకా రుచి ఉంది. మంట లేదు.

“ఊరిబిండిలో అవ్వ కారం తక్కువేసింది ప్రభువా. నాకోసరం. రెండు నెల్లయినా మర్సిపోలేదు. స్తోత్రం.”

ఆమెన్ పొయ్యి వైపు నుంచి వచ్చింది.

“ఇదేందే, నా పని నువ్వు సేస్తాండావు?” అన్నాడు తాత.

“నీ ఆమెన్ కోసం కూసుంటే సంకటి సల్లారిపోతాది,” అంటూ అవ్వ తన పళ్లెం మీది మూత తీసింది.

ఇప్పుడు నేను కుప్పంలో ఉంటున్నాను. అందరిలాగే తినే ముందు ప్రార్థిస్తాను, తిన్నాక మళ్లీ ప్రార్థిస్తాను. ఆ రెండోసారి, ఆ పూట తిన్నదాంట్లో బాగున్నది ఏదో ఒకటి పేరు పెట్టి చెప్పుకుంటాను. కొన్ని పూటలు వెతకాల్సి వస్తుంది. దొరక్క లేచిన పూట ఇంతవరకూ లేదు. ముందు చేసే ప్రార్థనలో ఈ వయసులోనూ ఏవేవో అడుగుతూనే ఉంటాను. తిన్నాక చేసేదాంట్లో మాత్రం అడగడానికి ఏమీ మిగలదు.