బీగం చెవికి ఒక గడి

ఆ రోజుల్లో ఈ లోకంలో ఫారంలోని గడిలో పట్టని విషయమంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం. కంప్యూటరు చదువు అప్పుడే పూర్తిచేసి ఆదోనిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. (నచ్చకపోతే ఏం చేస్తారని నేను అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.) సంస్థ నడిపే ఆవిడను అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల అలాంటి సంస్థలు ఐదు ఉండేవి. ఒకరిది పిల్లల చదువు, ఒకరిది ఆరోగ్యం, ఇంకొకరిది చేనేత, ఇలా ఎవరి పని వాళ్ళది, ఎవరి రిజిస్టరు వాళ్ళది. దాంతో ఒకే ఇంటికి ఐదుగురు వెళ్ళి అవే ప్రశ్నలు ఐదుసార్లు అడిగేవాళ్ళు. ఆస్పరి దగ్గర ఒకామె, "ఎన్ని మ్యాకలు, ఎన్ని మ్యాకలు అని అడిగేది యిని యిని నాకు కాదప్పా, ఆ మ్యాకలకే ఇసుగొచ్చింది" అని తలుపు వేసేసుకుందట. అందుకని ఐదు సంస్థలకూ కలిపి ఒకే ఉమ్మడి డేటాబేసు చేయాలని తీర్మానించి, ఆ పని నా నెత్తిన పెట్టారు. పెద్దక్క ఒక్కటే షరతు పెట్టింది. "ఎవరి గురించి రాస్తామో వాళ్ళని కూర్చోబెట్టి అడిగి చెయ్యప్పా. వాళ్ళు సరే అంటేనే సరే."

నేను ఎవరినీ అడక్కముందే అరవైనాలుగు గళ్ళు తయారుచేసి పెట్టుకున్నాను. అడగడమంటే చూపించి, చప్పట్లు కొట్టించుకోవడమని నా లెక్క. ఎమ్మిగనూరులో నేతపనివాళ్ళ హాల్లో సమావేశం పెట్టాం. మగ్గం మీదనుంచి అప్పుడే దింపిన దుప్పటి ఒకటి గోడకు కట్టి, దానిమీద ప్రొజెక్టరుతో నా గళ్ళను ప్రదర్శించాను. ప్రతి గడి పక్కనా ఒక ఎర్ర చుక్క. ఆ గడి నింపకపోతే తర్వాతి గడికి పోనివ్వదు. ఆ చుక్కలంటే నాకు మహా గర్వం. ముందు వరసలో కూర్చున్న నేతగాడు ఒకాయన, (అందరూ మగ్గం మామ అనేవాళ్ళు), కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "ఒక గడి తెలీకుంటే మొత్తం ఆగిపోతాదా? ఒక పోగు తెగితే మేము ముడేసుకోని నేస్తాం గానీ, మగ్గం ఆపి కూసోముకదప్పా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఏదీ మార్చలేదు. "టీవీ ఎన్ని అంగుళాలు" అనే గడి దగ్గర ఒకామె లేచి, "యాలప్పా, నువ్వేమన్నా కొనిస్తావా?" అంది. దాన్నీ అలాగే ఉంచాను.

అప్పుడు వెనకనుంచి గలగలమని చప్పుడైంది. దేవనకొండ అవతల ఒక పల్లె నుంచి వచ్చిన అవ్వ లేచి నిలబడింది. నడుముకు తాళంచెవుల గుత్తి, చిన్నదేం కాదు, పాతిక ముప్పై ఉంటాయి. మావైపు తాళాన్ని బీగం అంటారు, అందుకని ఆమె పేరు బీగాలవ్వ. "నాయనా, ఇంటి నంబరు రాస్తాండావు, ఫోను నంబరు రాస్తాండావు. బీగం చెవి ఎవురి తాన ఉండాదో రాయవా?" అంది. నాకు నవ్వాగలేదు. "అవ్వా, ఇది దొంగలకిచ్చే జాబితా కాదు" అన్నాను. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. "ఊరు సుగ్గికి పోయినప్పుడు నీ ఇంటి నంబరును అడిగితే ఇల్లు పలుకుతాదా?" అని అవ్వ గద్దించింది. సుగ్గి అంటే మా పల్లెలవాళ్ళు పనులకోసం వలసపోవడం. వాన మొహం చాటేస్తే ఇళ్ళకు ఇళ్ళే తాళాలేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. అది నాకు తెలియక కాదు. గడిగా తోచలేదు, అంతే. "చూద్దాంలే అవ్వా" అన్నాను. (చూద్దాంలే అంటే చూడనని అర్థం. అది ఆమెకూ తెలుసు.)

అదే సమావేశంలో నేను ఇంకో ఘనకార్యం చేశాను. "ఫోను లేనోళ్ళకు ఏం రాయల్ల సార్?" అని ఊళ్ళలో తిరిగి వివరాలు రాసే అక్కలు అడిగితే, "ఏదో ఒక నంబరు పడాలి, లేకపోతే ముందుకు పోదు. ఇదిగో, ఇట్లా" అని చూపిస్తూ నా నంబరే కొట్టాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత రెండు నెలలు ట్యాబులు పట్టుకుని ఊరూరా తిరిగి, నేను చూపించినట్టే, అక్షరం పొల్లుపోకుండా చేశారు పాపం.

ఆ సంగతి మెసేజీలు పోవడం మొదలుపెట్టాక బయటపడింది. ఒక్క వారంలో నాకు ముగ్గురు పిల్లల టీకాలు, ఒక ఎనుముకు సూది, ఒక కాన్పు గుర్తుచేస్తూ మెసేజీలొచ్చాయి. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. ఇక గేదె సంగతి సరేసరి. ఆరు నెలల గడువు ఆ నెలాఖరుకే. పెద్దక్కకు చెబితే ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నేను రెండోదే ఎంచుకున్నాను. అంతటితో ఆగానా? గళ్ళన్నీ తళతళలాడితే చాలు, తప్పు కనబడదనుకుని శుభ్రం చేయడానికి కూర్చున్నాను. చిట్టచివర "ఇతర వివరాలు" అనే పెట్టె ఒకటుండేది. తీరా చూస్తే దానినిండా ఒకటే గోల. "బీగం చెవి పక్కింటి చిన్నమ్మ తాన." "బీగం చెవి మసీదు ఎదురు అంగట్లో." నేను గడి ఇవ్వలేదని అక్కలు అక్కడ ఇరికించి రాశారు. వీళ్ళు మారరురా నాయనా అని విసుక్కుంటూ చెరిపేయడం మొదలుపెట్టాను. ఆదోని మండలం అయిపోయింది. ఆస్పరి అయిపోయింది. దేవనకొండ తెరుస్తుండగా ఫోను మోగింది.

"పాప నాన్నగారా?" అంది ఆసుపత్రి నుంచి ఒక గొంతు. కాదనబోయి ఆగాను. గ్రహణం మొర్రితో పుట్టిన రెండేళ్ళ పాప, పాలు తాగితే ముక్కులోంచి వచ్చేస్తాయట. ఆపరేషన్ చేసే డాక్టర్లు బయటనుంచి వస్తున్నారు, గురువారం పొద్దునకు చేరాలి, తప్పితే మళ్ళీ వాళ్ళు ఏడాదికి గాని రారు. ఆ రోజు సోమవారం. ఆ ఇంటి వివరాలు తెరిచాను. అరవైనాలుగు గళ్ళూ నిండి ఉన్నాయి. టీవీ అంగుళాలతో సహా. ఫోను నంబరు నాది. ఆ ఊరి అక్కకు ఫోన్ చేస్తే, "ఇల్లు బీగమేసుండాది సార్, పాపనెత్తుకోని సుగ్గికి పోయినారు, యాడికో తెలీదు" అంది. కిందికి చూశాను. ఇంకా నా చెయ్యి పడని ఆ చివరి పెట్టెలో ఒకే ముక్క. "బీగం చెవి అవ్వ తాన."

దొరికిన బస్సెక్కాను. బీగాలవ్వ పల్లెలో సగం తలుపులకు తాళాలు. అవ్వ తన ఇంటి అరుగు మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటోంది. నన్ను ఎగాదిగా చూసి, "గళ్ళప్పా! వచ్చినావా?" అంది. (ఐదు సంస్థల్లోనూ నా పేరు అదేనని అప్పుడే తెలిసింది.) జరిగిందంతా చెప్పాను, నా ఫోను నంబరు కథతో సహా. పెద్దక్కకు చెప్పలేనిది ఆమెకెలా చెప్పానో నాకే తెలియదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. అవ్వ తిట్టలేదు. గుత్తి విప్పి ఒడిలో పరిచింది. ఒక్కో తాళంచెవికి ఒక్కో గుడ్డపేలిక కట్టి ఉంది, ఆ ఇంటావిడ చీరలోంచి చించినది. "ఇది పచ్చంచు చీరామె. ఆ బిడ్డ తల్లి ఇదే." తాళంచెవి ఇచ్చేటప్పుడు అన్నీ చెప్పే పోతారట. కూలీలను తీసుకెళ్ళే ఏ మేస్త్రీ వెంట, ఏ ఊరికి, ఎన్నాళ్ళకని. ప్రతి శుక్రవారం అవ్వ ఆ ఇళ్ళన్నీ తెరిచి దీపం పెట్టి వస్తుంది. మేస్త్రీల నంబర్లు ఆమె వంటింటి గోడమీద బొగ్గుతో రాసి ఉన్నాయి, ఒక్కో నంబరు కింద అతని వెంట పోయినవాళ్ళ గుర్తుగా అవే చీరల పేలికలు మేకుకు తగిలించి. రెండు నెలలు కష్టపడి నేను చేసిందాన్నే, చెడిపోకుండా, ఆమె గోడకు తగిలించుకుంది.

సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి మేస్త్రీకి ఫోన్ కలిపాను. సాయంత్రానికల్లా పాప తండ్రి మిరపచేనులోంచి మాట్లాడాడు. "ఇప్పుడే బయల్దేరతాండా సార్" అన్నాడు, ఇంకేం అడగలేదు. గురువారం పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర నేనూ నిలబడ్డాను. పచ్చంచు చీరామె పాపను భుజాన వేసుకుని బస్సు దిగడం చూసి, ఎదురెళ్ళి ఆమె చేతిలో సంచి అందుకున్నాను.

తిరిగొచ్చి పెద్దక్కకు అంతా చెప్పేశాను. "తప్పు తప్పేలే. దాచినావు చూడు, అదీ నాకు కోపం" అంది. "ఆదోని, ఆస్పరి ఊళ్ళకు నువ్వే పో. నువ్వు చెరిపినవన్నీ నువ్వే అడిగి రాసుకోని రా." నడిచాను. ప్రతి ఇంట్లోనూ, "మల్లా వచ్చినావా!" అన్నారు. మ్యాకలామె మాత్రం ఈసారి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, మ్యాకల గురించి అడగలేదని.

రెండో సమావేశంలో నేను నోరు మూసుకుని కూర్చున్నాను, వాళ్ళు మాట్లాడారు. సగానికి పైగా గళ్ళు ఎగిరిపోయాయి. మగ్గం మామ మాట నెగ్గి ఎర్ర చుక్కలన్నీ తీసేశాను, ఒక్కటి తప్ప. "ఆ చుక్క బీగం చెవికి పెట్టు నాయనా" అంది అవ్వ. పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడామె నావైపు తిరిగి, "మరి నీ బీగం చెవి ఎవురి తాన ఉండాది?" అని అడిగింది. నా జేబు తడుముకున్నాను. ఆదోనిలో ఒంటరి గది. నేను ఊరెళ్ళినా, జ్వరమొచ్చి పడుకున్నా తెలిసేవాళ్ళెవరూ లేరు. అంతమందిలో నా గడి ఒక్కటే ఖాళీ. మరుసటి వారం రెండో చెవి తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. అంత దూరాన ఆమె తాళంచెవి ఏం చేసుకుంటుందని నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. నా గళ్ళ తువ్వాలు అంచు చించి దానికి కట్టుకుంది.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నాకు పెళ్ళయింది, టీకాల మెసేజీలు న్యాయంగానే వస్తున్నాయి. ఆ గదిని ఎప్పుడో పడగొట్టి అంగళ్ళు కట్టారు. మొన్న పనిమీద ఆ పల్లెకు వెళితే అవ్వ నడుమున గుత్తిలో ఆ గళ్ళపేలిక కనబడింది, రంగు వెలిసిపోయి. "ఆ గదే లేదు కదవ్వా, ఇంకా యాల మోస్తావు?" అన్నాను. "గది ల్యాకపోతే ఏమి, నువ్వుండావు గదా" అని వక్క నోట్లో వేసుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దుప్పటి మీద అరవైనాలుగు గళ్ళు వెలిగించి చప్పట్ల కోసం ఎదురుచూసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాను.