కొడవలి మొన, నల్లరాయి

బండకిందపల్లెలో తెల్లారగానే మొదట వినిపించేది బోరింగు చప్పుడు. మొదటి బిందె తిమ్మక్కది. దాన్ని ఆమె ఇంటికి తీసుకుపోదు. గుట్ట మొదట్లో, వీపు మాత్రం బయటపెట్టి మిగతా ఒళ్ళంతా మట్టిలో దాచుకున్న నల్లరాయి మీద పోసి వస్తుంది. బూడిదపట్టిన రాయి తడిసి కాటుకలా మెరుస్తుంది. ఆ తర్వాతే పొయ్యి, సంగటి, టమేటా కోత.

రెండు వేల మూడు ఎండాకాలంలో రామసముద్రం చుట్టుపక్కల బోర్లన్నీ గాలి ఊదాయి. ఊరి ఆడవాళ్ళు పక్క ఊరి తోటల్లో మాటలు పడి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. అప్పుడే భూమిలో నీళ్ళ జాడ చూసే సర్వేకు మురళి వచ్చాడు. పుంగనూరు కుర్రవాడు. కర్ర చివర సీసాలాంటిది బిగించిన మిషను తెచ్చాడు. గుట్ట దగ్గర కనిపించే నల్లరాయి పొలాల కింద గోడలా సాగి ఉంటుందని, దానికి ఎగువన నీళ్ళు ఆగుతాయని, ఆ గోడ ఎక్కడెక్కడ పోతుందో మిషను చెబుతుందని అన్నాడు. జీపు ఆ ఒక్కరోజే. మర్నాడు పెద్దపంజాణి దారి పట్టాలి.

కర్ర పట్టుకుని నడవడానికి తిమ్మక్కను పిలిచారు.

"ఒంటి మీద ఇనుము ఉండకూడదమ్మా. పిన్నీసులు, తాళాలు అన్నీ తీసేయ్."

"తీసేసినానప్పా," అంది తిమ్మక్క.

ఒకటి తీయలేదు. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచిందని అత్త రమణమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పొలిమేర దాటే గర్భిణికి గాలీధూళీ సోకకుండా ఆ పల్లెలో నడుముకు ఇనుము కట్టుకుంటారు. విరిగిన కొడవలి మొనను పాతగుడ్డలో చుట్టి, కోడలి చీర కుచ్చిళ్ళ వెనక రమణమ్మే దోపింది. అది ఒంటిమీద ఉన్నంతసేపు తిమ్మక్కకు ధైర్యం.

వాళ్ళు పొలాలకు అడ్డంగా నడిచారు. మురళి అంకెలు రాసుకున్నాడు. తిరిగి అదే దారిలో వచ్చారు. అంకెలు మారిపోయాయి. మళ్ళీ నడిచారు. పోయేటప్పుడు ఒకమాట, వచ్చేటప్పుడు ఇంకోమాట చెబుతోంది మిషను.

"పొద్దుట్నుంచీ ఈ సీసాకు ఏమైందో," అని మురళి తల పట్టుకున్నాడు. "ఇట్లైతే చోటు చూపించలేనమ్మా. ఏదో ఒకచోట గుర్తేసి పోతే బోరు ఎండిపోతాది. ఊరికి మళ్ళా వంతు ఎప్పుడొస్తాదో."

తిమ్మక్క కర్ర దించింది. ఒకవైపు కడుపులో నలుసు, ఇంకోవైపు నీళ్ళ కోసం మాటలు పడే ఊరు. మజ్జిగ చెంబుతో అప్పుడే వచ్చిన అత్త వైపు చూసింది. రమణమ్మకు అర్థమైంది.

"సామీ, ఆ మిషనుకు ఇనుమంటే యాల అంత కోపం?"

"కోపం కాదవ్వా. ఆ నల్లరాతిలోనే ఇనుము నలుసులుండాయి. వాటిని కనిపెట్టేదానికే ఈ మిషను. పక్కన ఇంకో ఇనుముంటే తికమకపడతాది."

"రాతిలో ఇనుమెట్లొచ్చె?"

"ఒకప్పుడు ఆ రాయి కాగే పాకం మాదిరి నేల పగుల్లోకి ఎక్కొచ్చింది. భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమే గదా. పాకం సల్లారేటప్పుడు అది యాపక్క చూపించిందో, నలుసుల్లో అయస్కాంతం ఆపక్కకే కుదురుకుంది."

"బెల్లంపాకంలో చెనిగ్గింజ మాదిరా? గట్టిపడినాక ఇంక కదల్దు."

"అట్లాంటిదే. మనుషులు పుట్టకముందు కుదురుకునింది, ఇప్పటికీ అట్లే ఉండాది."

రమణమ్మ గుట్ట వైపు తిరిగింది.

"అంటే నేలతల్లి నడుముకు ఇనుము కట్టుకోనుండాది. సూడు తిమ్మీ, ఆయమ్మ మీదే గదా నువ్వు నడిచేది. నీది ఇట్లియ్యి."

తిమ్మక్క వెనక్కి తిరిగి, గుడ్డమూట తీసి అత్త చేతిలో పెట్టింది. మురళి నోరు తెరిచాడు.

"అడిగినప్పుడు చెప్పొచ్చు కదమ్మా!"

"మగోనికి చెప్పే మాటనా అది?" అని రమణమ్మ కసిరింది. "నువ్వు నీ సీసా చూసుకో నాయనా."

ఆమె దూరంగా గుట్ట మొదటికి పోయి నల్లరాయి మీద కూర్చుంది. మొనను పిడికిట్లో బిగించి, కోడలి మీంచి చూపు తీయకుండా. రాయి కాలుతోంది. తిమ్మక్క కర్ర ఎత్తుకుంది. నడుము తేలికైంది, గుండె మాత్రం బరువుగానే ఉంది. భయం వేసినప్పుడల్లా గుట్ట వైపు చూసేది. అక్కడ అత్త, ఒక చిన్న నల్లటి చుక్క, కదలకుండా. ఈసారి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మిషను ఒకేమాట చెప్పింది. ఒకచోట అంకె పైకి లేచింది, మళ్ళీ దిగింది. దానికి ఎగువన మురళి సున్నంతో గుర్తు వేశాడు.

మదనపల్లె నుంచి వచ్చిన బోరుబండి ఆ గుర్తు మీద చాలాసేపు తెల్లటి దుమ్మే ఊదింది. ఆ తర్వాత బురద, దాని వెనకే నీళ్ళు. చలికాలంలో రమ్యశ్రీ పుట్టింది. కొడవలి మొనను రమణమ్మే ఉయ్యాల కింద పెట్టింది.

మనవరాలికి పలక కొనిచ్చిన ఏడాదే రమణమ్మ పోయింది. ఆ మర్నాటి నుంచే తిమ్మక్క మొదటి బిందె గుట్ట వైపు నడవడం మొదలైంది.

"రాయికి నీళ్ళు పోస్తే మొలుస్తాదా మా?" అని రమ్యశ్రీ ఎగతాళి చేస్తుంది.

"మీ అవ్వ కూర్చున్న రాయి ఇది. బాగా కాలినాది ఆ పొద్దు," అంటుంది తిమ్మక్క, బిందె వంచుతూ.