దొమ్మరోగం పేరు చెప్పిన గౌతమి

గౌతమి పుట్టింది విడపనకల్లు దగ్గర పల్లెలో. నాయన యేసన్న కూలికి పోయేవాడు. ఊళ్లో చచ్చిన పశువులను అవతలికి లాగి తోలు తీసే పనిని కూడా ఆ ఇంటికే తరతరాలుగా అంటగట్టారు. అది కూతురి చేతికి రాకూడదని యేసన్న ఆమెను చిన్నప్పుడే హాస్టల్లో చేర్చాడు. గౌతమి పశువైద్యం చదివింది. చచ్చిన పశువును కోసి, ఎందుకు చచ్చిందో తేల్చే విద్యలో పై చదువు పూర్తి చేసింది. ఆ మాట విని యేసన్న నవ్వాడు.

ఆమె సొంత మండలానికే డాక్టరుగా వచ్చింది. వానలు పడని ఆ ఏడు, ఎండిన చెరువులో గడ్డి మొదళ్లు కొరికిన ఆమె పల్లె కాపరి తిమ్మన్న గొర్రెలు ఉన్నట్టుండి పడిపోసాగాయి. ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు. గౌతమి ఒక గొర్రె చెవి నుంచి నెత్తురు చుక్క తీసి మైక్రోస్కోపులో చూసింది. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్. మనుషులకూ అంటుకునే రోగం.

"పేరు సెప్పొద్దు డాక్టరమ్మా," అన్నాడు తిమ్మన్న. "ఎండకు సచ్చినాయని సెప్పు. రోగమని తెలిస్తే సంతలో నా గొర్రెను ఎవురు ముట్టుకుంటారు?"

"మిగిలినవాటికి టీకాలు ఏస్తా తిమ్మన్నా. సచ్చినవాటిని మాత్రం కోయొద్దు. లోతుగా పూడ్చి సున్నం ఎయ్యాల."

"పోయిన వారం సచ్చినదాన్ని మీవోళ్లే తీసకపోయినారు కదమ్మా."

గౌతమి పరుగున తమ వీధికి పోయింది. చిన్నాయన కొడుకు ఆంజి ఇంటి ముందు దండెం మీద మాంసం ముక్కలు ఎండుతున్నాయి. ఆంజి మణికట్టు మీద నల్లటి పుండు.

"నొప్పేం లేదక్కా. పురుగు కరిసింటాది," అన్నాడు.

ఆమె ముక్కలన్నీ దింపి కిరసనాయిలు పోసి కాల్చింది. ఆంజి భార్య మారెమ్మ అడ్డం రాలేదు. "పిల్లోళ్లు మాంసం తిని ఎన్నాళ్లయిందో నీకు తెలుసా వదినా?" అని మాత్రం అడిగింది.

ఆంజిని అనంతపురం ఆసుపత్రిలో చేర్చి, గౌతమి పై అధికారులకు రోగం పేరు చెప్పింది. సంత మూతపడింది. చుట్టుపక్కల గొర్రెలను కొనేవాళ్లు లేకపోయారు. ఆంజి బతికాడు గానీ, ఆ చేతి వేళ్లు సరిగా ముడుచుకోవు. తిమ్మన్న మంద చెదిరిపోయింది. వాచ్‌మన్ పనికి బెంగళూరు పోతూ బస్టాండులో ఎదురుపడ్డాడు.

"నువ్వు అబద్ధం సెప్పలేదులేమ్మా. నిజం సెప్పినాక మేము ఎట్ల బతకాలో అదీ సెప్పాల్సింది," అన్నాడు.



తర్వాత పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఏటా వానలకు ముందు విద్యార్థులతో ఆ పల్లెకు పోయి టీకాలు వేయించేది. మొదటి ఏడు ఒక్కరూ దొడ్డి తడిక తీయలేదు. ఆంజే ఇల్లిల్లూ తిరిగి, తన చేయి చూపించి ఒప్పించాడు. అప్పటినుంచి ఆ రోగం అక్కడ మళ్లీ కనిపించలేదు.

ఈ ఏడు కూడా గౌతమి పోయింది. అప్పుడు మాంసం ఎండిన దండెం పక్కనే నిలబడి మారెమ్మ విద్యార్థులందరికీ మంచినీళ్లు ఇచ్చింది. గౌతమిని మాత్రం కూర్చోమనలేదు.