గోడవైపు తిరిగిన చిన్నత్తయ్య

“ఆ మట్టి పిల్ల నోట్లోకి పోతేనో? చెంచాడు చాలు అత్తయ్యా, మళ్ళీ ఆసుపత్రే. అందులో ఏమేం క్రిములుంటాయో నాకు తెలుసు. రోజూ మైక్రోస్కోపులో చూసేది వాటినే.”

“తెలిస్తే తెలిసిందిలే. ముందా గునపం ఇలా అందుకో.”

గునపం అడిగినావిడ మా ఆవిడకు పిన్ని, నాకు చిన్నత్తయ్య. రెండు వీధుల అవతల ఒంటిగదిలో ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దాసుపత్రిలో బట్టలుతికే చోట పనిచేసింది. ఆవిడది ఉతికే పని కూడా కాదు, అంతకు ముందుది. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లను విప్పి చూసి, రక్తం మరకలవి ఒక గంపలోకి, వాంతివి ఒక గంపలోకి, మలం అంటినవి మరో గంపలోకి వేరు చెయ్యడం. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆవిడ చేత్తో ఇచ్చిన కాఫీ తాగడానికి లోలోపల జంకేవాణ్ణి.

నేను నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. మా పాపకు రెండేళ్ళు. పది నెలలప్పుడు విరేచనాలు పట్టుకుని ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పటి నుంచి నేను గడపను కూడా మందునీళ్ళతో తుడుస్తున్నాను. అప్పటి నుంచే తను తెల్లనివి తప్ప తినడం మానేసింది. పాలు, అన్నం, రొట్టె మధ్యలోని మెత్తని భాగం, అంతే. పచ్చనిదో ఎర్రనిదో పెదవికి తగిలిందంటే ఒళ్ళంతా జలదరించి, నాలుక బయటపెట్టి కక్కేస్తుంది. బరువు కొన్ని నెలలుగా ఒక్క గ్రాము పెరగలేదు. “ఇంకో నాలుగు నెలలు చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే ముక్కులోంచి గొట్టం వేసి పట్టించాల్సిందే” అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

“కొన్నవి తినకపోతే పోనీ. తన ఎదురుగా మొలిచి, పెరిగి, కాసిన కాయ పెట్టి చూద్దాం” అంది చిన్నత్తయ్య. ఇంకో దారి తోచక ఒప్పుకున్నాను.

పెరడంటే పెద్దగా ఊహించుకోకండి. అద్దె ఇంటి వెనక, రెండు మంచాలు వేస్తే నిండిపోయే నేల. మాకు ముందు ఉన్నవాళ్ళు దాన్ని చెత్తకుండీగా వాడుకున్నారు. గునపం దిగిన ప్రతిచోటా ఏదో ఒకటి పైకి వచ్చింది. జుట్టు ఉండలు, నల్లబడ్డ దూది, సగం కరిగిన చెప్పు. ఒక డైపరైతే మట్టిలో నాని నాని పిల్లిపిల్లంత ఉబ్బింది. నేను రెండు జతల గ్లవుసులు, మాస్కు, ప్రయోగశాల కళ్ళద్దాలు పెట్టుకుని కూడా దూరంగా నిలబడ్డాను. చిన్నత్తయ్య వట్టి చేతులతో ఏరి గంపలో వేసింది.

“ఏం అల్లుడూ, తవ్వుతున్నది పెరడా, బాంబా?”

డైపరు ఎత్తేటప్పుడు మాత్రం ఆవిడ ఎందుకో ప్రహరీ గోడవైపు తిరిగింది. ఎండ కళ్ళలో పడిందేమో అనుకున్నాను. గడప మీద కూర్చున్న పాప మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

ఆ మట్టిలో విత్తనం వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ప్రయోగశాలలో ఏ పాత్రనైనా వాడేముందు ఆవిరి పట్టి క్రిములను చంపుతాం. మట్టికి మాత్రం ఎందుకు పట్టకూడదు? చిన్నత్తయ్య రాని రోజులు చూసుకుని అటక మీంచి పాత ప్రెషర్ కుక్కర్ దించాను. నాలుగు రోజుల్లో పద్దెనిమిది కుక్కర్ల మట్టి ఉడికించాను. కుళ్ళిన గుడ్డును తడి సాక్సులో చుట్టి పొయ్యి మీద పెడితే వచ్చే వాసన అది. కర్టెన్లకు పట్టింది, దిండ్లకు పట్టింది, పాప జుట్టుకు పట్టింది. మా ఆవిడ బస్సు డిపోలో టికెట్లిస్తుంది.

“నా కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు పక్క వరసలోకి పోతున్నారు. ఇవాళ వంటేమిటని అడగనుగానీ, ఇంకా ఎన్ని విజిల్సో చెప్పు” అంది.

ఉడికిన మట్టిని ట్రేలలో నింపి కీర, టమాటా, క్యాబేజీ గింజలు వేశాను. ఆరో రోజుకు మొలకలొచ్చాయి. తొమ్మిదో రోజు పొద్దున మట్టి మీద తెల్లటి నూగు, పాచిపోయిన రొట్టె మీద ఉన్నట్టు. పదకొండో రోజుకు మొలకలన్నీ మొదళ్ళ దగ్గర నీరుకారి, చీమిడి తీగల్లా వాలిపోయాయి. ముట్టుకుంటే వేలికి జిగురు.

చిన్నత్తయ్య ట్రే ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఈ మట్టిని ఏం చేశావు?”

చెప్పాను. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. “వీధిలో కాపురాలన్నీ ఖాళీ చేయించి తలుపులు బార్లా తెరిచిపెట్టావు. ఇక ముందు ఎవరు దిగుతారయ్యా, దొంగలు కాక?”

నిజమే. మంచీ చెడ్డా అన్ని క్రిములూ చచ్చిన మట్టిలో, మొదట వచ్చి వాలిన బూజుకు అడ్డేముంటుంది? చదువుకుని పరీక్ష రాసిన విషయమే. భయంలో గుర్తుకు రాలేదు. ఉన్న నాలుగు నెలల్లో ఒకటి అలా ఆవిరైపోయింది.

రెండోసారి అంతా ఆవిడ ఇష్టప్రకారం జరిగింది. గింజలు ఉడికించని మట్టిలోనే వేసింది, ఎరువు కోసం మూలనున్న డ్రమ్ములో కూరగాయల తొక్కలు మగ్గబెట్టింది. మూత తీస్తే పైపొర మొత్తం కదులుతుంది, తెల్లటి పురుగులతో. మొదటిసారి చూసినప్పుడు నేను తిన్నదంతా అక్కడే కక్కాను. మొక్కలు ఏపుగా లేచాక అసలు సంత మొదలైంది. క్యాబేజీ ఆకుల కింద పచ్చ పురుగులు, రెమ్మల నిండా పేనుబంక, సాయంత్రం నీళ్ళు పెట్టగానే చొంగ కార్చుకుంటూ పాకే నత్తలు. చిన్నత్తయ్య పురుగును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేది, ఒక్క క్షణం గోడవైపు తిరిగి. ఆ పచ్చటి గుజ్జు ఆవిడ గోళ్ళలోకి పోయేది. నేను పాపను ఎత్తుకుని “ఛీ, ఛీ” అంటూ వెనక్కి జరిగేవాణ్ణి.

ఒకరోజు పాప నా చంకలోంచి వంగి, నత్తవైపు వేలు చూపించి స్పష్టంగా “ఛీ!” అంది. అమ్మ, నాన్న తర్వాత దానికి పూర్తిగా వచ్చిన మూడో మాట.

“అచ్చం నాన్న పోలికే!” అని మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. చిన్నత్తయ్య నవ్వలేదు.

ఏడు వారాలకు తొలి కీరకాయ దిగింది. పాపే లాగింది. లాగిన ఊపుకు కాయతో సహా వెనక్కి కూలబడి, పకపకా నవ్వి, కాయను పెదవుల దాకా తెచ్చుకుంది. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడే కాయ అడుగున సూది బెజ్జమంత రంధ్రం, దాని చుట్టూ చీములాంటి జిగురు నాకు కనిపించాయి. లాక్కుని విరిచాను. లోపలంతా కుళ్ళి, అందులో బియ్యపు గింజలంత పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఒకటి ఎగిరి నా మణికట్టు మీద పడింది.

నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. పాపకు తెలిసింది. నా నాలుక బయటికొచ్చినట్టే దాని నాలుకా వచ్చింది. నా భుజాలు జలదరించినట్టే దాని భుజాలూ జలదరించాయి. పొద్దున తాగిన పాలన్నీ నా పాదాల మీద కక్కింది. ఆ తర్వాత రెండు రోజులు అన్నం కూడా ముట్టలేదు.

మూడో రోజు చిన్నత్తయ్య వచ్చి నన్ను పెరట్లోకి పిలిచింది.

“పిల్ల పురుగును చూడలేదయ్యా, కాయ నువ్వు లాక్కున్నావుగా. అది చూసింది నీ మొహాన్ని. తినొచ్చా లేదా అని నీ మొహంలోనే వెతుక్కుంటోంది. అక్కడ ఎప్పుడు చూసినా ఒకటే కనబడుతోంది దానికి.”

“మీకేం అత్తయ్యా, మీకు అలవాటు. నాకు అసహ్యం వేస్తే నేనేం చెయ్యను?” అనేసి నాలుక కరుచుకున్నాను.

“అలవాటా?” అందావిడ. “ఒక్క దుప్పటి, ఒక్కటంటే ఒక్కటి అలవాటవలేదు నాకు. మొదటి వారం రోజూ వాంతులే. మా గదికి కిటికీ ఉండేది, దుప్పట్లు అందులోంచే అందించేవాళ్ళు. ఒకరోజు ఒక ముసలాయన తను పడుకున్న దుప్పటి తనే తెచ్చాడు. నేను విప్పడం, ఆయన నా మొహం చూడటం. అంతే. మర్నాటి నుంచి తిండి మానేశాడు. తింటే దుప్పటి మళ్ళీ పాడవుతుందని.”

“ఏమయ్యాడు?”

“నాలుగు రోజులు పస్తున్నాడు. నర్సమ్మ వచ్చి చెబితే నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను, నవ్వాను, బతిమాలాను. అప్పుడు తిన్నాడు. మర్నాడే గదిలో పనిచేసేవాళ్ళమంతా కలిసి దుప్పట్లు విప్పే బల్ల జరిపేశాం. కిటికీకి వీపు, గోడకు మొహం. దుప్పటి అందుకునేటప్పుడు నవ్వాలి. గోడవైపు తిరిగి విప్పేటప్పుడు నీ ఇష్టం. ఆ గోడ ఎన్ని వంకర మొహాలు చూసిందో నాయనా!”

డైపరు ఎత్తిన రోజు, పురుగులు నలిపిన రోజులు నాకప్పుడు గుర్తుకొచ్చాయి. ఎండ కాదన్నమాట.

ఇప్పుడు కాయను ముందు నేను గోడవైపు తిరిగి కోసి చూస్తాను. పుచ్చిన ముక్క అక్కడే పారేస్తాను. నాకు అసహ్యం పిసరంత కూడా తగ్గలేదు. డ్రమ్ము మూత ఇప్పటికీ ముక్కు మూసుకునే తీస్తాను. ఆవిడ కాఫీ మాత్రం తాగుతున్నాను. మొదటి మూడు కాయలూ పాప విసిరికొట్టింది. నాలుగోది నా మొహంవైపు చాలాసేపు చూసి కొరికింది. నమిలింది, సగం ఉమ్మింది, సగం మింగింది. గడువు రోజున త్రాసు మీద పెడితే రెండు వందల గ్రాములు పెరిగింది. “గొట్టం సంగతి వచ్చే నెల చూద్దాం” అంది డాక్టరమ్మ. భయం పోలేదు, నెలకు వాయిదా పడింది.

ఇవాళ పొద్దున కూడా ఆకు కింద ఒక లావుపాటి నత్త తగిలింది. పాప వెనకే ఉంది. చిన్నత్తయ్య ఆరోజు చివర్లో చెప్పినట్టే చేశాను:

“వేసే అసహ్యం వేస్తుంది అల్లుడూ, దాన్ని నువ్వాపలేవు. గోడవైపు తిరుగు, ఎంత కావాలంటే అంత చీదరించుకో. మొహం తుడుచుకుని, అప్పుడు పిల్లవైపు తిరుగు.”