ముందు నడిచినవాని అడుగు

పర్వతాలను నిలబెట్టి, వాటి మీద నడవడానికి మనిషికి రెండు పాదాలిచ్చిన దేవునికి స్తోత్రం. నన్ను మంచులోకి తీసుకుపోయినవాడు, మంచులోంచి తిరిగి తెచ్చినవాడు ఆయనే. ఆ మాట చెప్పుకున్నాకే మిగతాది.

పోస్టుకు చేరింది అక్టోబరులో, మధ్యాహ్నం రెండు గంటలకు. ఉత్తర సరిహద్దు. పదిహేడు వేల అడుగుల ఎత్తు. గాలి పడమటి నుంచి. రెండు ఫైబర్ గుడిసెలు, ఒక బంకరు, కిరోసిన్ పొయ్యి, దాని పొగకు నల్లబడిన గోడలు. మూడు వైపులా మంచు, నాలుగో వైపు లోయ. మేము పదిమందిమి. మమ్మల్ని నడిపించేది హవల్దార్ మల్లేశం. జోగిపేట దగ్గరి రైతు బిడ్డ, సర్వీసు చివరికొచ్చినవాడు. నేను లాన్స్ నాయక్ డేవిడ్‌ను, హైదరాబాదు నాంపల్లివాణ్ణి.

బరువులు దించగానే ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్క మాటే చెప్పాడు.

"ఎంతమందిమి ఎక్కినమో గంతమందిమి దిగుతం. సొంత కాళ్ల మీద. ముందు నేను నడుస్త. గింతే నా ఆర్డర్."

ఆ మాట ఆయన మాకు ఇచ్చినట్టు లేదు. తనకు తాను ఇచ్చుకున్నట్టుంది.

ఎత్తులో సైనికుణ్ణి తూటా కంటే ముందు చలి పట్టుకుంటుంది. పాదాలనే ముందు పట్టుకుంటుంది. తడి సాక్సుతో ఒక రాత్రి పడుకుంటే వేళ్లు నల్లబడతాయి. అందుకని సాయంత్రం ఐదింటికి పాదాల తనిఖీ. "కాళ్లు!" అని హవల్దార్ సాబ్ కేక వేసేవాడు. అందరం రెండు జతల సాక్సులూ విప్పి కూర్చునేవాళ్లం. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరి పాదాన్ని ఒళ్లోకి తీసుకునేవాడు. టార్చి వేసి వేళ్ల మధ్య చూసేవాడు. బొటనవేలు నొక్కి, రంగు తిరిగి వస్తుందా లేదా అని ఆగేవాడు.

"ఏందిరా గీ గోర్లు? గద్దవా?" అని ఒకరోజు రేడియో ఆపరేటర్‌ను అడిగాడు. అతడు వరంగల్‌వాడు, నోరు ఊరుకోదు.

"మంచుల పట్టు దొరుకుతదని, సాబ్."

"కత్తిరియ్. లేకపోతే నేనే కత్తిరిస్త, వేలుతోటి సహా."

మా సంఘంలో మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం పాస్టరుగారు పెద్దల పాదాలు కడుగుతారు. పిల్లప్పటి నుంచి చూస్తున్నాను. ఏడాదికి ఒకసారి. అక్కడ పోస్టులో అది ప్రతి సాయంత్రం జరిగింది. నీళ్లు లేవు, పాట లేదు. కిరోసిన్ వాసన, ఆయన ఒడి, అంతే.

ఒక్కటి గమనించాను. అందరి పాదాలు చూసే ఆయన పాదాలు ఎవరూ చూడలేదు. మేం పడుకున్నాక దుప్పటి కింద సాక్సులు మార్చుకునేవాడు.

కింది పోస్టుకూ మాకూ మధ్య రెండు రోజులకొకసారి లింక్ పెట్రోలింగ్. పొద్దున ఐదున్నరకు బయలుదేరడం. వీపున ఇరవై కిలోలు, చేతిలో మంచుగొడ్డలి, నడుముకు తాడు. ముందు హవల్దార్ సాబ్. వెనక మేము, ఆయన వేసిన అడుగులోనే అడుగు. అది ఆర్డర్. మంచు కింద ఎక్కడ పగులుందో పైకి కనిపించదు. ముందువాడి అడుగు నిలిస్తే అక్కడ నేల ఉందని అర్థం. రాత్రి చలికి ఆ అడుగులు గట్టిపడి అచ్చుల్లా అయ్యేవి. మళ్లీ మంచు కురిసేదాకా రానూ పోనూ ఆ అచ్చుల్లోనే కాళ్లు పెట్టేవాళ్లం.

డిసెంబరులో ఒక తనిఖీలో ఆయన చెయ్యి ఆగింది. రేడియో ఆపరేటర్ కుడి చీలమండ లోపలి వైపు వాపు. తర్వాతి జవానుకు అక్కడే వాపు. నాకూ అక్కడే. మోకాలి లోపలి వైపు కూడా నొప్పి.

"ముగ్గురికి ఒక్క తీర్గనే ఉన్నది. బూట్లు బాగలేవు," అన్నాడు. రేడియోలో కింది స్టోరువాణ్ణి గట్టిగా తిట్టాడు. కొత్త బూట్లు వచ్చాయి. వాపు పోలేదు.

నాకు అసలు సంగతి తెలిసింది జనవరిలో. పెట్రోలింగ్ నుంచి తిరిగి వస్తూ గట్టు మీద ఆగాం. ఎండ వాలి పడుతోంది. వెనక్కి చూశాను. వాలు మీద మా దారి అంతా ఒక్క వరసగా కనిపించింది. ఎడమ అడుగులన్నీ తిన్నగా ఉన్నాయి. కుడి అడుగులన్నీ బయటికి తిరిగి ఉన్నాయి, సగం తెరిచిన తలుపుల్లా.

మా సుగుణక్క నాంపల్లిలో పాదాల క్లినిక్‌లో పనిచేస్తుంది. డాక్టరు చీటీ రాస్తే ఆ మనిషి పాదానికి సరిపోయేట్టు బూటు లోపల పెట్టుకునే ఇన్‌సోల్స్ కొలత తీసి చేస్తుంది. ఇంట్లో భోజనాల దగ్గర కూడా అవే మాటలు. పాదం లోపలి వంపు కుంగితే మడమ పక్కకు ఒరుగుతుందని, మడమ ఒరిగితే పాదం బయటికి తిరుగుతుందని, ఆ తర్వాత మోకాలు, నడుము వరసగా బాధపడతాయని ఆమె చెప్పగా విన్నవాణ్ణే. కుంగింది మా పాదాలు కావు. మా ముందు నడిచే పాదం. ఆ వంకర అచ్చులో మా మంచి కాళ్లు రోజూ దూర్చి మేం వాచిపోతున్నాం.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు ప్రార్థన చేశాను. చెబితే ఆయన్ను డాక్టరు చూస్తాడు. డాక్టరు చూస్తే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ఎత్తు మీద డ్యూటీ పోతుంది. మమ్మల్ని తానే ముందుండి దింపుతానన్న మాట పోతుంది. చెప్పకపోతే మా కాళ్లు పోతాయి.

మూడో సాయంత్రం నా పాదం ఆయన ఒళ్లో ఉండగా చెప్పాను.

"సాబ్, ఒక్కసారి మీ కాళ్లు చూపిస్తారా?"

"నా కాళ్లు నీకెందుకురా?"

"బూట్ల తప్పు కాదు, సాబ్. మేం మీ అడుగులల్లనే కాళ్లు పెడుతున్నం."

ఆయన నా పాదాన్ని మెల్లగా కింద పెట్టాడు. సాక్సు తొడుక్కోమని సైగ చేసి బయటికి వెళ్లిపోయాడు.

తెల్లవారి ఆయన ఒక్కడే దారి మీద కనిపించాడు. తన కుడి అడుగు అచ్చు ముందు మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్ తీసి, అందులో అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. తర్వాత లోపలికి వచ్చి రేడియో అందుకున్నాడు.

"హవల్దార్ మల్లేశం. కిందికి దిగుత. కాలు నొప్పి. ఓవర్."

"ఎవరి కాలు? ఓవర్."

"నాదే. ఓవర్."

నా సెలవు వంతు అప్పుడే వచ్చింది. ఇద్దరం కలిసే దిగాం. కింది ఆసుపత్రిలో డాక్టరు చూశాడు. పాదం వంపును పట్టి ఉంచే టెండన్ అనే నరం సాగిపోయి, వంపు కుంగిందని చెప్పాడు. రెండేళ్లుగా నొప్పి ఉండి ఉండాలే అన్నాడు. డాక్టరు ఇన్‌సోల్స్‌కు చీటీ రాసి, సిక్ లీవు ఇచ్చి, ఆ తర్వాత మెడికల్ బోర్డు ముందు హాజరు కమ్మన్నాడు.

రైలు నాంపల్లి స్టేషనులో పొద్దున దిగింది. ఊరికి పోతానన్న ఆయన్ను ట్రంకు పెట్టెతో సహా స్టేషను ఎదుటి సందులోకి తీసుకుపోయాను. మేడ మీద రెండు గదులు. జిగురు వాసన, కాల్చిన ప్లాస్టిక్ వాసన, సానపట్టే మిషను రొద. గోడ అల్మారా నిండా తెల్లటి పాదాల అచ్చులు.

అక్క చీటీ చదివింది. ఆయన బూట్లు తిరగేసి మడమ అరుగుదల చూసింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నడవమంది. వెనక నుంచి ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూపించింది. తన మడమను తాను వెనక నుంచి చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి.

"గిట్ల ఒరిగిందా?" అన్నాడు.

"ఔ అన్నా. ఇట్లనే మంచుల నడిచిన్రా మీరు?"

అచ్చు తీయడానికి ఒక మెత్తటి దిమ్మె ఉంటుంది. పాదంతో నొక్కితే ఆ గుంట అలాగే నిలిచిపోతుంది. అక్క దాన్ని నేల మీద పెట్టి, ముందు మోకాళ్లూని, ఆయన మడమ పట్టుకోబోయింది. ఆయన చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దమ్మా. ఆడబిడ్డవు. నా కాళ్లు ముట్టొద్దు."

"ముట్టకుంట ఎట్ల చెయ్యాలన్నా? మడమ సీదా పట్టుకుంటెనే అచ్చు సీదా వస్తది."

"పాపం తగులుతది."

"రోజూ పదిమంది కాళ్లు ఒళ్లో పెట్టుకుంటరంట కదా, మా తమ్ముడు చెప్పిండు. మీకు తగలని పాపం నాకెట్ల తగులుతది? పెట్టున్రి."

నాకు యేసు శిష్యుడు పేతురు గుర్తొచ్చాడు. ప్రభువు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడగడానికి వంగినప్పుడు పేతురు కూడా ముందు వద్దనే అన్నాడు. ఇతరులకు చేసేవాడికి చేయించుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో చూశాను. హవల్దార్ సాబ్ కళ్లు మూసుకుని పాదం ముందుకు పెట్టాడు. మడమ పక్కన చర్మం కాయలు కాసి, పగిలి ఉంది.

"బరువెంత మోస్తరు?" అని అక్క అడిగింది.

"ఇరవై కిలోలు."

బరువుతో వంపు ఇంకెంత కుంగుతుందో చూడాలంది. పక్క కిరాణా కొట్టులోంచి బియ్యం బస్తా తెచ్చి ఆయన వీపున ఎక్కించాను. కొట్టాయన వెనకాలే మెట్లెక్కి వచ్చాడు.

"బస్తా కొంటున్నరా, ఆడుకుంటున్నరా?"

"జర ఆగు సేఠ్. మిలటరీ పని నడుస్తుంది," అంది అక్క.

హవల్దార్ సాబ్ నవ్వడం చాలా రోజులకు చూశాను.

వారం తర్వాత ఇన్‌సోల్స్ వచ్చాయి. లోపలి వైపు వంపు ఎత్తుగా, మడమ కింద చిన్న వాలు. పాతవి తీసి బూటులో ఇవి పెట్టింది. మొదటిరోజు ఒక్క గంటే తొడుక్కోవాలని చెప్పింది. ఆరోజు ఆదివారం. ఆరాధన అయ్యాక ఇద్దరం అబిడ్స్ వైపు నడిచాం. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జనం వంగి చూస్తున్నారు. వాళ్లను తప్పుకుంటూ ఆయన చౌరస్తా దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పుస్తకాలమ్మే ఆయన అడిగాడు, "ఏం పుస్తకం దేవులాడుతున్నరు పెద్దాయనా?"

"పుస్తకం గాదు. నడుస్తున్న."

నొప్పి లేకుండా నడవడం ఎలా ఉంటుందో మర్చిపోయిన మనిషి ఆ మాట అన్నాడు. రెండు గంటలైంది. తిరిగి వెళ్లగానే అక్క తిట్టింది. ఆయన అటెన్షన్‌లో నిలబడి తిట్లు తిన్నాడు.

కాని సాగిన నరం మళ్లీ బిగిసేది కాదు. ఇన్‌సోలు పాదాన్ని నిలబెడుతుంది, కొత్త నరాన్ని ఇవ్వదు. బోర్డు ఆయన్ను కింది శిబిరానికే పరిమితం చేసింది. ఎత్తు మీదికి ఇక పోరాదు. నేను పోస్టుకు తిరిగి వెళ్లే ముందు ఆయన్ను శిబిరంలో కలిశాను. నా ముఖంలో ఏముందో చదివినట్టున్నాడు.

"ఫికర్ చెయ్యకు. నువ్వు చెప్పకపోతే నేను మీ అందరిని కుంటోళ్లను చేసి దింపేటోణ్ణి," అన్నాడు. తన మంచుగొడ్డలి నా చేతికిచ్చాడు. "ముందు నువ్వు నడువు. ఎనక్కి సూసుకుంట నడువు."

ఏప్రిల్‌లో మా స్థానంలో కొత్త జట్టు వచ్చింది. దిగడం తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలు. రాత్రి కొత్త మంచు కురిసింది, పాత అడుగులన్నీ పూడిపోయాయి. ముందు నేను. తాడు మీద వెనక మిగతావాళ్లు. వాళ్ల కాళ్లు నా అడుగుల్లో ఉన్నాయని ఆ రోజు భయపడినంతగా ఎప్పుడూ భయపడలేదు. ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూశాను. ప్రతి అడుగుకూ దేవుని నామం తలుచుకున్నాను.

పదకొండింటికి శిబిరం కనిపించింది. వాలు కింద ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. రెండు కాళ్లూ సమంగా ఊని ఉన్నాడు. దగ్గరికి వచ్చి సెల్యూట్ చేశాను. ఆయన నన్ను చూడలేదు. నా భుజం మీదుగా పైకి, వాలు మీదికి చూస్తున్నాడు. మేం దిగివచ్చిన అడుగుల వరసను చివరిదాకా, గట్టు దాకా చూశాడు. తర్వాతే మమ్మల్ని లెక్కపెట్టాడు.

"సీదా ఉన్నది," అన్నాడు.

గుడారంలో పెద్ద తొట్టెలో గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. "కాళ్లు!" అన్నాడు. ఒక్కొక్కరివి ఒళ్లోకి తీసుకుని చూశాడు. ఒక్క వేలు కూడా పోలేదు. చివరివాడిది అయ్యాక నేను ఆయన ముందు కూర్చుని చెయ్యి చాపాను. ఈసారి ఆయన బూట్లు విప్పుకుని పాదం ముందుకు పెట్టాడు.

ఇప్పుడు నేను నాంపల్లిలోనే ఉంటున్నాను. ఆయన జోగిపేటలో సేద్యం చేసుకుంటున్నాడు. ఇన్‌సోల్స్ అరిగినప్పుడల్లా అక్క దగ్గరికి వస్తాడు. కాలు తానే ముందుకు పెడతాడు. చాలా సంగతులు మరిచిపోయాను. తుపాకి నంబరు కూడా గుర్తులేదు. కాని నా భుజం మీదుగా మంచు వాలును చివరిదాకా చదివిన ఆ చూపు పోలేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నడుస్తున్నా అది నా వెనక ఉంటుంది.

ఇది చదివే మీరు తల్లి కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు, సంఘ పెద్ద కావచ్చు. మీ అడుగులో కాలు పెట్టేవారు ఎవరో ఒకరు ఉంటారు. నాతో కలిసి తల వంచండి. ప్రభువా, ముందు నడిచేవారికి తమ పాదం చూపించుకునే ధైర్యం ఇవ్వు. వెనక నడిచేవారికి నొప్పి చెప్పే నోరు ఇవ్వు. ఈ సాయంత్రం కూడా ఏదో ఒక ఎత్తున ఎవరో ఒక జవాను పాదాన్ని ఒళ్లో పెట్టుకుని టార్చి వేసి చూస్తున్న ఆ చేతుల్ని వెచ్చగా ఉంచు. ఆమేన్.