రాలిన కందుల్లో రుమాలు మూట

నిజాం పాలన పోయి అప్పటికి కొన్నేళ్లే అయింది. వికారాబాద్ నుంచి తాండూరుకు కోడలిగా వెళ్లిన కొత్తలో, మా అత్తతో కలిసి ధాన్యం అమ్మకాలు జరిగే గంజ్‌లో ఊడ్చే పనికి పోయేదాన్ని. తూకాలయ్యాక నేల మీద రాలిన కందులు ఊడ్చినవాళ్లవే. అది అక్కడి ఆనవాయితీ.

ఒకరోజు కందులతో పాటు నా గంపలోకి రుమాలు మూట ఒకటి వచ్చింది. విప్పితే నోట్లు!

"కింద వడ్డది మనదే. సప్పుడు జెయ్యకు" అంది అత్త.

"కందులైతె మనయి అత్తమ్మా, పైసలెట్ల మనయైతయి?" అంటుండగానే ఒక రైతు డబ్బు మూట పోయిందని లబోదిబోమంటూ వచ్చాడు. సరుకు కొనే సేటు గంజ్ గేటు మూయించి, "అందరి గంపలు దులుపుండ్రి!" అని అరిచాడు.

ఇప్పుడు ఇస్తే దొంగనంటారు, ఇవ్వకపోతే దొంగనే అవుతాను. అత్త నా కొంగు పట్టుకుని వెనక్కి లాగుతోంది. కొంగు విడిపించుకుని మూట పైకెత్తి, "ఊడుస్తుంటె దొరికింది" అన్నాను. రైతు దండం పెట్టి ఏడ్చాడు. సేటు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు.

మర్నాటి నుంచి ఊడ్చే ఆడవాళ్ల గంపలన్నీ గేటు దగ్గర దులిపించడం మొదలైంది. నా పక్కన ఊడ్చే ఆమె గంప సర్దుకుంటూ, "నువ్వొక్కదానివి మంచిదానివైనవు, మేమందరం దొంగలమైనం" అంది.

ఈరోజు దొరికినా ఇచ్చేస్తాను. కానీ ఆమెకు చెప్పాల్సిన జవాబు మాత్రం ఇప్పటికీ నాకు దొరకలేదు.