లక్ష్మివారం టేపు

1987లో శ్రావణం వానలకి ముందు సంగతి. అమలాపురం గడియార స్తంభం దగ్గర సందులో నాకు టీవీలు, వీసీఆర్లు బాగుచేసే కొట్టు ఉండేది. మా నాన్నగారు వేదం చెప్పుకున్న మనిషి. నేను స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఆయనకి చివరిదాకా మింగుడుపడలేదు. పెళ్లిళ్ల సీజన్లో వీడియోవాళ్ల మిషన్లు, మిగతా రోజుల్లో బొమ్మ కనబడని టీవీలు, ఇంతే నా లోకం. గోడకి కెమెరా బిగించి మనుషుల మీద కాపలా పెట్టే పని ఒకటుందని పత్రికల్లో చదివానే గాని, అది నా నెత్తిన పడుతుందనుకోలేదు.

తెచ్చిపెట్టినవారు గంగాధరంగారు. అంబాజీపేట దాటాక కాలవ గట్టున ఆయనకి కురిడీల గోడౌను ఉంది. కురిడీ అంటే నీరు ఇంకి లోపల గుడ్డు గలగలమనే ఎండు కొబ్బరికాయ. మూటలు తరుగు వస్తున్నాయని ఆయన అనుమానం. ఓడల్లో పనిచేసే మేనల్లుడు సింగపూరు నించి ఓ కెమెరా తెచ్చి ఇచ్చాడు. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని మా కొట్టుకి వచ్చారు.

"మూర్తిగారూ, కళ్లయితే వచ్చేయి గానండి, చూసింది గుర్తెట్టుకునే బుర్ర లేదండి దీనికి. ఆ బుర్రేదో మీరే చూసిపెట్టాలండి" అన్నారు.

అసలు పనంతా ఆ బుర్రలోనే ఉంది. మామూలు వీసీఆర్ పెడితే ఒక టేపు మూడు గంటలు వస్తుంది. రోజుకి ఎనిమిది టేపులు మార్చుకుంటూ కూర్చోవాలి, దానికి ఇంకో వాచ్‌మన్ కావాలి. రెండో దారి టైమ్ లాప్స్ రికార్డరు. అది సినిమాలాగా గబగబా తియ్యదు. ఒక బొమ్మ తీసి, కాస్త ఆగి, ఇంకో బొమ్మ తీస్తుంది. అలా ఒక్క టేపులో ఒక పగలూ రాత్రీ ఇమిడిపోతాయి. మధ్యలో జరిగింది మాత్రం మనకి దక్కదు. మద్రాసులో ఒక నగల కొట్టువాళ్లు మార్చేసిన పాత మిషను దొరికితే అదే తెప్పించాను.

టేపులు ఎన్ని కొనాలన్న దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను నెల్లాళ్లకి సరిపడా ఉండాలన్నాను. తేడా జరిగిన రోజే మనకి తెలియాలని లేదు కదా అని నా వాదన.

"ముప్ఫై కొంటే ఇరవై బూజు పడతాయండి మా గోడౌన్లో" అన్నారు ఆయన. "వారానికి ఏడే కదండీ రోజులు, ఏడు టేపులు చాల్దాండి? వారం తిరిగేలోపల నాకు తెలీకుండా ఏం జరుగుద్దండి అక్కడ?"

బూజు మాట నిజమే. మా సీమ చెమ్మకి టేపు మీద తెల్లటి పొర కట్టి, మిషన్లో టేపు చదివే హెడ్డుని తినేస్తుంది. ఏడుకి ఒప్పుకున్నాను. తెరమీద తేదీ, టైము పడేలా చేసే చిన్న పరికరం ఉంది, పెడదామా అంటే దానికీ అడ్డొచ్చారు. "గోడ గడియారం ఉంది కదండీ, అది పడేలాగ కెమెరా తిప్పండి, సరిపోద్ది" అన్నారు. అలాగే తిప్పాను. తెరలో ఎడమ పక్క గడియారం, మధ్యలో వాచ్‌మన్ కుర్చీ, దాని వెనక మూటల పేర్పు, కుడి పక్క కాలవ వైపు తలుపు కనబడేవి.

ఆదివారం నించి శనివారం దాకా టేపుల మీద వారాల పేర్లు ఆయనే రాశారు. గురువారానికి మావాళ్లు అనే లక్ష్మివారమే రాశారు. కొత్త ఖాతా పుస్తకానికి పెట్టినట్టు ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టారు. తెల్లవారగానే నిన్నటి టేపు తీసి ఇవాళ్టిది పెట్టాలి. వారం తిరిగాక అదే టేపు మళ్లీ వస్తుంది, పలక తుడిచి రాసినట్టు పాతదాని మీద కొత్తది పడుతుంది. ఇదంతా శ్రద్ధగా విని, "మరి వర్జ్యం వస్తేనోండి?" అని అడిగారు. వర్జ్యంలో కొత్త టేపు పెట్టడం ఆయన వల్ల కాదట. తెల్లవారుజామున వర్జ్యం ఉంటే ముందు రాత్రి పడుకోబోయేటప్పుడే మార్చేస్తానన్నారు. మిషనుకి వర్జ్యం ఏమిటని నాలో నేను నవ్వుకున్నాను, అంతకంటే ఆలోచించలేదు.

రెండు నెలలు ఏ గొడవా లేదు. ఒక శుక్రవారం పొద్దున్న, వానలో స్కూటరు మీద తడిసి ముద్దై వచ్చారు గంగాధరంగారు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

ఆయన చెప్పింది ఇది. రాత్రి వాచ్‌మన్ నూకరాజు కిందటి వారం కాట్రేనికోనలో చెల్లెలింటికి వెళ్లొస్తానని సెలవడిగాడు. లక్ష్మివారం రాత్రి డ్యూటీ చేసి, తెల్లవారకుండానే అట్నించటే బయల్దేరతానన్నాడు. శుక్రవారం పొద్దున్న మనిషి లేడు, కాలవ వైపు తలుపు తీసి ఉంది. వెళ్లాడులే అనుకున్నారు. వారం గడిచాక, నిన్న, చెల్లెలి మొగుడు వచ్చి బావ మా ఊరే రాలేదన్నాడు. అందరూ మిషను వంక చూశారు. అప్పటికే లక్ష్మివారం టేపు మళ్లీ అందులో తిరుగుతోంది. పాత బొమ్మ చెరిగిపోయినట్టే.

"నేను ఊరుకోలేదండి" అన్నారు. "తలుపు తీసుంది, మనిషి లేడు, మూటలు తరుగు. దొంగే అన్నానండి నలుగురిలో. శనివారం స్టేషన్లో రాసిస్తాను, గోడౌను పక్కన మీరుంటున్న షెడ్డు ఖాళీ చెయ్యమని ఆడి పెళ్లాంతో కూడా చెప్పేనండి."

"మరి ఇప్పుడేమైందండీ?"

"నిన్న రాత్రి తొమ్మిదికి ఆ టేపు నా చేత్తోనే తీసేనండి. తెల్లారుజామున వర్జ్యం. తీసి దేవుడి పటాల కింద పెట్టేను. పొద్దున్న ఏవైనా మిగిలిందేమోనని వేసి చూస్తే, తొమ్మిది దాటేక కూడా గోడౌను కనపడతానే ఉందండి. గడియారంలో పదయింది, పన్నెండయింది. టేపు పటాల కింద ఉండగా ఆ రాత్రి ఎలా పడిందండి?" గొంతు తగ్గించారు. "అందులో నూకరాజు ఉన్నాడండి. కుర్చీలో కూర్చుని."

పగటి పూటే, పక్కన హోటల్లో దోశలు వేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. సంచి తీసుకుని ఆయన వెంట వెళ్లాను.

గోడౌను ముందు కాయలు వొలిచే ఆడవాళ్లు పని మానేసి నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి అడుగు పెట్టడంలేదు. మెట్ల మీద నూకరాజు భార్య పైడమ్మ కూర్చుని ఉంది. బొట్టు ఉంచుకోవాలో తియ్యాలో తెలియని స్థితి ఆవిడది. దొంగ పెళ్లాం అని ఒకరు, చచ్చి తిరుగుతున్నాడని ఇంకొకరు ఆవిడ ఎదురుగానే అంటున్నారు. బొట్టు మాత్రం అలాగే ఉంది.

ఆఫీసు గదిలో తలుపు వేసుకుని టేపు పెట్టాం. తొమ్మిదికి కొంచెం ముందు నించి చూశాను. గడియారం, ఖాళీ కుర్చీ. బొమ్మ మారినప్పుడల్లా ముల్లు కొంచెం జరుగుతోంది. సరిగ్గా తొమ్మిది దగ్గర తెర అడ్డంగా ఒక్కసారి వణికింది, రెండు తెల్లటి గీతలు కిందికి జారాయి. మళ్లీ అదే గోడ, అదే గడియారం, అదే తొమ్మిది. కుర్చీలో నూకరాజు కూర్చుని ఉన్నాడు. నడిచి వచ్చిందీ లేదు, కూర్చున్నదీ లేదు. నేను కుర్చీ వెనక్కి లాక్కున్నాను. గంగాధరంగారు కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం చదువుతున్నారు.

భయం భయంగానే వెనక్కి తిప్పి మళ్లీ చూశాను, మళ్లీ చూశాను. మూడోసారి నా కళ్లు మనిషి మీంచి వెనకాల మూటల మీదికి వెళ్లాయి. వణుకుకి ముందు ఆ మూల ఖాళీ. వణుకు తరవాత పేర్పు దూలం దాకా ఉంది.

"గంగాధరంగారూ, ఈ మూల సరుకు ఎప్పుడు ఎత్తించారండీ?"

ఆయన కళ్లు తెరిచారు. "మొన్న శనివారం లారీకెత్తేం కదండీ."

అప్పుడు అర్థమైంది. నిన్న తొమ్మిదికి టేపు తీసెయ్యడంతో కొత్త బొమ్మ అక్కడిదాకానే పడింది. దాని తరవాత టేపుని మిషను ముట్టుకోలేదు. ముట్టుకోని ముక్కలో కిందటి లక్ష్మివారం రాత్రి చెక్కుచెదరకుండా ఉంది. రెండు వారాలూ టేపు ఒకే వేళకి ఒకే చోట ఉంటుంది కనక గడియారం కూడా గెంతలేదు. అంతా విప్పి చెప్పాను. ఆయన ప్రాణం కుదుటపడింది గాని, నాది పడలేదు. దెయ్యం కాదంటే, మిగిలిన టేపులో ఉన్నది అతను కనబడకుండా పోయిన రాత్రి. చూడక తప్పదు.

"పైడమ్మని పిలవండి" అన్నాను.

ఆవిడ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. టేపు తిరుగుతోంది. నూకరాజు కునుకుతున్నాడు, లేస్తున్నాడు, బీడీ ముట్టిస్తున్నాడు. గడియారంలో నాలుగు దాటాక సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో చెప్పులు. కెమెరా కిందికి వచ్చి, తలెత్తి సూటిగా మా మొహాల్లోకి చూశాడు. పెదాలు కదిలాయి. కెమెరాకి మైకు లేదు, ఏం వినబడదు.

తరవాత కాలవ వైపు తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. వాకిట్లో చీకటి మీద లాంతరు వెలుగు పడుతోంది. ఒక బొమ్మలో వెలుగు ఉంది. రెండో బొమ్మలో ఉంది, కొంచెం దూరంగా. మూడో బొమ్మలో లేదు.

ఆ తరవాత ఎంతసేపు చూసినా తెరిచిన తలుపే. అందులోంచి మెల్లగా తెల్లవారింది. రెండు బొమ్మల మధ్య ఏం జరిగిందో మిషను తియ్యలేదు.

పైడమ్మే మాట్లాడింది. "చెప్పులు చేత్తో పట్టుకున్నాడు చూడండి. పట్టె దాటేటప్పుడే అలా పట్టుకుంటాడండి." పట్టె అంటే కాలవ మీద అవతల రోడ్డుకి దాటడానికి వేసిన కొబ్బరి మొద్దులు. వానాకాలం పాచి పట్టి ఉంటాయి. "జారిపోయేడండి" అంది, అంతే.

గంగాధరంగారు నేల మీద చతికిలబడ్డారు. "వాడి చేతుల్లో ఒక్క కాయ కూడా లేదు కదండీ" అన్నారు నాతో. తరవాత ఆవిడ వైపు తిరిగి, "వారం నించి కాలవలో ఉన్నోణ్ని దొంగన్నానమ్మా, నా నోరు పడిపోను" అని బావురుమన్నారు. ఆవిడ, మనుషుల్ని పంపించండి అంది. లాకుల ఎగువన గుర్రపుడెక్క కింద సాయంత్రానికి దొరికాడు.

పైడమ్మ ఆ షెడ్డులోనే ఉండిపోయింది. గంగాధరంగారు పట్టెకి తాడు కట్టించారు, తరవాత చెక్క వంతెనే వేయించారు. మూటల తరుగు గురించి మళ్లీ ఎత్తలేదు. లక్ష్మివారం టేపు మీద ఇంకేమీ పడకుండా దాని వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేశాను. అది విరిస్తే ఆ టేపు మీద మిషను మళ్లీ రాయదు.

ఆ తరవాత నేను చాలా కొట్లలో కెమెరాలు పెట్టాను. టేపులు పోయి డిస్కులు వచ్చాయి. వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది, ఎన్ని రోజులు ఉంటే చాలండీ అనే. దొంగని పట్టుకోవడానికి ఎన్ని రోజులు కావాలో వాళ్లు లెక్క వేసుకుని వస్తారు. మనిషి కనబడటంలేదని ఇంట్లోవాళ్లకి తెలిసి, మన గడప దాకా వచ్చి అడగడానికి ఎన్నాళ్లు పడుతుందో అది కూడా లెక్కలో వెయ్యండని చెబుతాను. తేదీ పడని మిషను మాత్రం మళ్లీ ఎక్కడా పెట్టలేదు.

ఆ ఏడు దసరా వెళ్లాక పైడమ్మ మా కొట్టుకి వచ్చింది. ఆ చివరి ముక్క మామూలు టేపులోకి ఎక్కించి ఇమ్మని గంగాధరంగారు చెబితే అంతకుముందే ఇచ్చాను. ఆవిడకి టీవీ ఎక్కడిది, పాత చీర ముక్కలో చుట్టి తెచ్చుకుంది. చివరిదాకా వేసి చూపించాను. చూసి, "వెనక్కి తిప్పుతారా బాబుగారూ" అంది.

తెర ఆపకుండా వెనక్కి తిప్పాను. చీకటి వాకిట్లో ముందు వెలుగు వచ్చింది. దాని వెనక నూకరాజు, వీపు మా వైపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ తలుపులోంచి లోపలికి వచ్చాడు. అతను కెమెరా కిందికి వచ్చి ఇటు తిరిగి తలెత్తగానే, "అక్కడ ఆపండి" అంది.

ఆపాను. ఆగిన బొమ్మ సన్నగా వణుకుతూ ఉంటుంది. "మిషను దీన్ని ఎంతోసేపు పట్టుకోదు పైడమ్మా" అన్నాను. "టేపు అరిగిపోతుందని దానంతటదే వదిలేస్తుంది. వదిలితే మళ్లీ తలుపు వైపు వెళ్తాడు."

"వదిలేదాకా చూత్తానండి."

చూసింది. నేను వేరే పని చేస్తున్నట్టు నటించాను గాని ఏం చేశానో గుర్తులేదు. మిషనులో టక్కున చప్పుడైంది. బొమ్మ కదిలింది, అతని పెదాలు కదిలాయి. నేను గబుక్కున స్టాప్ మీద వేలు పెట్టబోయాను.

ఆవిడ నా చెయ్యి ఆపింది. "ఎల్లనియ్యండి బాబూ. ఎల్తున్నానని చెప్పే ఎల్తున్నాడు కదండీ" అంది.